కీర్తన పాడిన నోరు, సొమ్ము తిరిగిచ్చిన చెయ్యి

ఫిలిప్పీ చెరసాల మీద ప్రసంగాలు మనం చాలా విన్నాం. అర్ధరాత్రి పౌలు, సీల కీర్తనలు పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, చెరసాల నాయకుడు మారుమనసు పొందాడు. కాబట్టి మీరూ స్తుతించండి, మీ సంకెళ్ళూ తెగుతాయి. ప్రసంగం సాధారణంగా అక్కడికి చేరి ఆగుతుంది. కానీ అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. ఆ పాట విన్నది ఖైదీలు. చెరసాల నాయకుడు వినలేదు. ఆయన నిద్రలో ఉన్నాడు. 27వ వచనంలో మేలుకుని, తెరిచి ఉన్న తలుపులు చూసి, ఖైదీలు పారిపోయారనుకుని చచ్చిపోదామని కత్తి దూశాడు. ఆయన చెయ్యి ఆపింది కీర్తన కాదు. చీకట్లోంచి వచ్చిన ఒక కేక: నీకేమీ హాని చేసుకోకు, మేమందరం ఇక్కడే ఉన్నాం.

ఆ కేక వేసింది ఎవరు? వీపు మీద బెత్తం దెబ్బలు ఇంకా ఆరని మనిషి. కొన్ని గంటల కిందట తన కాళ్ళకు బొండ వేసి బిగించినవాడి ప్రాణం కోసం వేశాడు. పారిపోవడానికి దారి ఉండి కూడా కదలకుండా కూర్చుని వేశాడు. అప్పుడే ఆ నాయకుడు దీపం తెమ్మని, వణుకుతూ లోపలికి పరుగెత్తి, ‘రక్షణ పొందడానికి నేనేం చెయ్యాలి?’ అని అడిగాడు.

పాటకు విలువ లేదని నేననడం లేదు. ఆ పాట పాడగలిగిన గుండె నుంచే ఆ కేక కూడా వచ్చింది. కానీ ఎదుటి మనిషిని తాకింది మాత్రం ఆ గుండె పాట బయట చేసిన పని. ఆరాధన జీవితం ఇతరులను ప్రభావితం చేస్తుందని మనం తరచూ అంటాం. ఎలా చేస్తుంది, ఎక్కడ చేస్తుంది, ఎందుకు చాలాసార్లు చెయ్యదు అనేది మాత్రం పెద్దగా మాట్లాడుకోం. నా వాదన ఇది: ఆరాధన పక్కవాడికి చేరేది దాని శబ్దం వల్ల కాదు, అందులో మనం పెట్టిన ఖర్చు వల్ల. పైగా పక్కవాడిని ప్రభావితం చెయ్యాలని చేసిన ఆరాధన అతని దాకా చేరదు.

ముందు మాట సంగతి. మన వాడుకలో ‘ఆరాధన’ చాలా కుంచించుకుపోయింది. ప్రసంగానికి ముందు పాడే పాటలే ఆరాధన అయిపోయాయి. ‘ఈరోజు ఆరాధన బాగా జరిగింది’ అంటే పాటలు బాగా కుదిరాయని అర్థం. బైబిలులో ఈ భావానికి వాడిన మాటలు వేరు. పాత నిబంధనలోని హెబ్రీ మాట ‘షాఖా’కి వంగి నేలమీద సాగిలపడడం అని అర్థం. ఆదికాండం 22లో అబ్రాహాము ‘మేము అక్కడికి వెళ్ళి దేవునికి మొక్కి వస్తాం’ అన్నప్పుడు ఉన్నది ఆ మాటే. ఆ కొండ మీద పాట లేదు. కట్టెలు, నిప్పు, కత్తి ఉన్నాయి. రోమా 12:1లో పౌలు వాడిన గ్రీకు మాట ‘లత్రేయా’. అక్కడ మన తెలుగు బైబిలు ‘ఇట్టి సేవ మీకు యుక్తమైనది’ అంటుంది. ఆ అనువాదకులు ‘సేవ’ అని రాసి చాలా మంచి పని చేశారు. ఆ వచనంలో బలిపీఠం మీద పెట్టమన్నది గొంతును కాదు, శరీరాన్ని. శరీరం అంటే పొద్దున లేచే వేళ, చేతుల పని, కడుపు ఆకలి, నోటి మాట, పడుకునే పక్క, అన్నీ.

ఇప్పుడు సుమారు 112వ సంవత్సరానికి వెళ్దాం. నేటి టర్కీ ఉత్తర భాగంలో ఉన్న బితునియ-పొంతు ప్రాంతానికి రోమా అధిపతి ప్లినీ. క్రైస్తవులను ఏం చెయ్యాలో తెలియక త్రాజాను చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవ విశ్వాసం వదిలేశామని చెప్పినవాళ్ళను విచారిస్తే తెలిసినదంతా అందులో ఉంది. వాళ్ళు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకునేవారు. క్రీస్తును దేవుడిగా ఎంచి ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ కీర్తన పాడేవారు. తర్వాత ఒక ప్రమాణం చేసేవారు: దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చెయ్యం, ఇచ్చిన మాట తప్పం, ఎవరైనా మా దగ్గర దాచుకున్న సొమ్ము అడిగితే లేదనం.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. దాచుకున్న సొమ్ము. ఊరు వెళ్ళే మనిషి తన డబ్బు తెలిసినవాడి చేతిలో పెట్టి వెళ్తాడు. సాక్షి లేడు, కాగితం లేదు. తిరిగొచ్చి అడిగినప్పుడు ‘ఏ సొమ్ము?’ అనేస్తే చేసేదేమీ లేదు. తెల్లవారుజామున క్రీస్తుకు కీర్తన పాడినవాళ్ళు అదే కూడికలో ఆ సొమ్ము సంగతి ఎత్తి ఒట్టు పెట్టుకునేవారు. ఇది వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఎవరైనా తన దగ్గర ఉంచిన సొమ్ము విషయంలో బొంకితే, మూలధనం అంతా ఇచ్చి, దానిపైన అయిదో వంతు కలిపి ఇవ్వాలి. అంటే నూరుకు నూట ఇరవై. ఎప్పుడు ఇవ్వాలి? అపరాధ పరిహారార్థ బలి తెచ్చిన దినానే. బలిపశువు ఒక చేతిలో, సొమ్ము ఇంకో చేతిలో. యేసు ప్రభువు మత్తయి 5:23-24లో అర్పణను బలిపీఠం దగ్గరే విడిచిపెట్టి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడు అన్నప్పుడు అదే దారిలో ఇంకో అడుగు ముందుకు వేశాడు.

ప్లినీకి ఆ కీర్తన అర్థం కాలేదు. ఆయన దాన్ని మూఢనమ్మకం కిందే లెక్కగట్టాడు. నేరం వెతకబోయినవాడికి ఇచ్చిన మాట తప్పకపోవడం, దాచినది తిరిగివ్వడం దొరికాయి, వాటిని రాయక తప్పలేదు. ఆరాధన బయటివాడికి ఎలా కనిపిస్తుందో చెప్పే సాక్ష్యాల్లో నాకు ఇంతకన్నా నచ్చింది లేదు. అది రాసినవాడు మన స్నేహితుడు కాదు, తీర్పు తీర్చే కుర్చీలో కూర్చున్నవాడు.

ఇంకో దృశ్యం, 1736 జనవరి 25, ఆదివారం సాయంకాలం, అట్లాంటిక్ సముద్రం మధ్య. ఓడలో, తర్వాతి రోజుల్లో మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ ఉన్నాడు. అభిషేకం పొందిన బోధకుడు, అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్తున్నాడు. అదే ఓడలో జర్మను మాట్లాడే, మొరేవియన్ అనే క్రైస్తవ సమాజానికి చెందిన విశ్వాసులు కుటుంబాలతో ఉన్నారు. వాళ్ళు కూడిక మొదట్లో కీర్తన పాడుతుండగా పెద్ద అల విరుచుకుపడింది. పెద్ద తెరచాప చీలిపోయింది, నీళ్ళు లోపలికి దూకాయి. ఇంగ్లీషువాళ్ళు కేకలు పెట్టారు. మొరేవియన్లు కీర్తన ఆపలేదు. తర్వాత వెస్లీ వాళ్ళలో ఒకరిని ‘మీకు భయం వెయ్యలేదా?’ అని అడిగితే, దేవునికి స్తోత్రం, లేదన్నాడు. ‘మీ ఆడవాళ్ళకూ పిల్లలకూ?’ అంటే, వాళ్ళకూ చావంటే భయం లేదని చెప్పాడు.

ఈ కథను ఎక్కువగా తుఫాను దగ్గర మొదలుపెట్టి చెబుతారు. వెస్లీ తన దినచర్యలో తుఫాను కంటే ముందు రాసింది వేరే. ఇంగ్లీషువాళ్ళు ఎవరూ ముట్టుకోని నీచమైన పనులు ఆ మనుషులు తోటి ప్రయాణికుల కోసం చేసేవారు. డబ్బు ఇవ్వబోతే తీసుకునేవారు కాదు. తమ రక్షకుడు తమ కోసం అంతకంటే ఎక్కువ చేశాడనేవారు. ఎవరైనా తోసినా, కొట్టినా, కింద పడేసినా, లేచి మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. వెస్లీ ఇదంతా చాలా రోజులుగా గమనిస్తూనే ఉన్నాడు. తుఫానులో ఆయన చూసింది చివరి ముక్క మాత్రమే. రోజూ మురికి పని చేసే చేతుల్ని ముందే చూసి ఉండకపోతే, ఆ పాటను మొండితనం అనో, ప్రమాదం అర్థంకాని అమాయకత్వం అనో కొట్టిపారేసి ఉండేవాడని నా నమ్మకం. అంత చూసినా ఆయన హృదయంలో రక్షణ నిశ్చయత కలిగింది 1738 మే 24న. రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. ఆ ఓడ మీది వాళ్ళెవరూ ఆయన్ని మార్చుదామని పాడలేదు.

ఇక్కడ నిజమైన చిక్కు ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్ళకూడదు. మత్తయి 5:16లో మనుషులు మీ సత్క్రియలు చూసేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండి అన్న ప్రభువే, 6:1లో మనుషులకు కనబడాలని నీతికార్యాలు చెయ్యకుండా జాగ్రత్తపడండి అన్నాడు. ఈ రెంటి మధ్య తేడా తెలియకే చాలామంది అయితే పూర్తిగా దాక్కుంటారు, లేకపోతే పూర్తిగా ప్రదర్శనకు దిగుతారు. తేడా చూసేవాడి మెచ్చుకోలు ఎక్కడ ఆగుతుందన్న దానిలో ఉంది. మొదటి చోట అది తండ్రి దాకా వెళ్తుంది. రెండో చోట చేసినవాడి దగ్గరే ఆగిపోతుంది.

దీన్ని పరీక్షించుకోవడానికి దానియేలు కిటికీ నాకు పనికొస్తుంది. రాజుకు తప్ప ఇంకెవరికీ 30 రోజులు ప్రార్థన చెయ్యకూడదని శాసనం వచ్చింది. దానియేలు ఇంటికి వెళ్ళి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న పైగదిలో రోజుకు మూడుసార్లు మోకాళ్ళూని ప్రార్థించాడు. అక్కడ మన బైబిలులో ఒక మాట ఉంది: ‘యథాప్రకారముగా’. శాసనం వచ్చిందని ఆయన కొత్తగా కిటికీ తెరవలేదు, మూయనూ లేదు. ఎవరూ చూడనప్పుడు ఎలా ఉండేదో, చూస్తున్నప్పుడూ అలాగే ఉంది. మనకూ అదే కొలత. అతిథులు వచ్చిన రోజున కుటుంబ ప్రార్థన పొడవు పెరిగితే అది అతిథుల కోసం చేసింది. వాళ్ళు వచ్చారని మొహమాటంతో మానేస్తే అదీ వాళ్ళ కోసమే.

ఆ అధ్యాయంలోనే ఇంకొకటి. ఆయన మీద పగబట్టినవాళ్ళు మొదట ఆయన ఉద్యోగంలో తప్పు వెతికారు. ఏ లోపమూ దొరకలేదు. అప్పుడుగాని ఆయన ప్రార్థన జోలికి రాలేదు. అంటే దానియేలు మోకాళ్ళ సంగతి పరీక్షకు రాకముందే ఆయన లెక్కల పుస్తకం పరీక్ష దాటింది. మనలో చాలామందికి ఈ వరస తలకిందులుగా ఉంటుంది. పనివేళలో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని ప్రసంగం వింటూ ఇచ్చిన పని ఆలస్యం చేసే విశ్వాసి, తన పక్క కుర్చీలో కూర్చున్నవాడికి యేసు గురించి ఏం చెబుతున్నట్టు?

ఇల్లు అన్నిటికన్నా కష్టం, అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఇంట్లోవాళ్ళు మన ఆరాధనను ఏడు రోజులూ చూస్తారు. కుటుంబ ప్రార్థన వల్ల పిల్లలు విశ్వాసానికి దగ్గరవ్వాలి. కానీ చాలా ఇళ్ళలో పిల్లలు మొదట విసిగేది దానితోనే. కారణాలు పెద్దవేమీ కావు. ఒకటి, పొడవు. అందరికీ నిద్ర ముంచుకొచ్చే వేళకు మొదలుపెట్టి ముప్పావు గంట లాగితే, పిల్లవాడికి గుర్తుండేది మోకాళ్ళ నొప్పి. ప్రభువు నేర్పిన ప్రార్థన నిదానంగా చెప్పినా అర నిమిషం పడుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ ఒకే వేళకు ఉండాలి. విడిగా ఒక సమయం వెతకడం కంటే ముందే ఉన్న అలవాటుకు తగిలించడం నిలబడుతుంది. రాత్రి భోజనం అయ్యాక పళ్ళేలు తియ్యకముందు అనుకుంటే, గడియారం చూడక్కర్లేదు. మార్కు సువార్త 16 అధ్యాయాలు. రోజుకు పదిహేను వచనాలు చదివితే నెలన్నరలో పూర్తవుతుంది. చదివాక ఒకే ప్రశ్న: దేవుడు ఎలాంటివాడని ఇందులో తెలిసింది? తర్వాత ఒక్కొక్కరూ ఒక కృతజ్ఞత, ఇంటి బయటి ఒక మనిషి కోసం ఒక విన్నపం, చివర్లో పరలోక ప్రార్థన అందరూ కలిసి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చెయ్యొద్దు. అప్పు తీరుస్తున్నట్టు చేసే ప్రార్థన త్వరగా బరువైపోతుంది.

రెండో కారణం దీనికన్నా లోతైనది. ప్రార్థనను తిట్టడానికి వాడుకోవడం. ‘ప్రభువా, వీడికి బుద్ధి దయచెయ్యి, పెద్దల మాట వినే మనసు ఇవ్వు, ఆ ఫోను పిచ్చి తీసెయ్యి.’ కళ్ళు మూసుకుని ఉన్న పిల్లవాడు అది ఎవరితో అన్నదో తెలుసుకోలేనంత చిన్నవాడు కాదు. దేవుడి పేరు చెప్పి తనకు సమాధానం చెప్పే అవకాశం లేకుండా కొట్టిన దెబ్బ అది. భార్యాభర్తల మధ్యా ఇదే జరుగుతుంది. చెప్పాల్సింది ఉంటే ప్రార్థన అయ్యాక మొహం చూసి చెప్పండి. ప్రార్థనలో మాత్రం మీ తప్పే ఒప్పుకోండి. ‘ప్రభువా, ఈరోజు పొద్దున నేను అనవసరంగా అరిచాను, నన్ను క్షమించు’ అని తండ్రి పిల్లల ముందు ఒక్కసారి అంటే, పిల్లలకు క్షమాపణ గురించి ఇంకే పాఠమూ అంత లోతుగా దిగదు. అయితే దేవుడికి చెప్పి ఊరుకోకూడదు. ఎవరి మీద అరిచామో వాళ్ళకూ చెప్పాలి.

ఆ చెప్పడంలోనే చాలామంది తప్పిపోతారు. ఆరోజే చెప్పాలి, నానబెట్టకూడదు. ఏం చేశామో పేరు పెట్టి చెప్పాలి. ‘ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించు’ అన్నదానిలో ఒప్పుకోలు లేదు. ‘కానీ’ అన్న మాట రాకూడదు, వస్తే దాని ముందు చెప్పిందంతా చెరిగిపోతుంది. వెంటనే క్షమించమని పట్టుబట్టకూడదు, అది ఎదుటివాళ్ళు ఇవ్వాల్సింది. డబ్బు సంగతైతే డబ్బుతోనే తీరాలి. తీసుకున్న అప్పు ఎగ్గొట్టి కానుక పెట్టెలో నోటు వేసేవాడి గురించి అప్పిచ్చినవాడు ఏమనుకుంటాడో ఊహించడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. యెరికోలో జక్కయ్య నోటి నుంచి వచ్చిన మాట లెక్కతో సహా ఉంది: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. ఒకేసారి తీర్చలేకపోతే ఏ తేదీకి ఎంత ఇస్తామో చెప్పి, ఆ తేదీకి అడగకముందే ఇవ్వాలి. కానుక పెట్టెలో వేసిన నోటు కంటే ఆ తేదీ నిలబెట్టుకోవడమే అప్పిచ్చినవాడికి మీ ఆరాధన గురించి చెబుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 1 పేతురు 3లో మాట లేకుండానే నడవడి వల్ల భర్తను సంపాదించుకోవచ్చన్న వచనాన్ని, దెబ్బలు తింటున్న స్త్రీని ఆ ఇంట్లోనే ఉంచడానికి వాడేవాళ్ళున్నారు. అది వాక్యాన్ని వాడుకోవడం, బోధించడం కాదు. ప్రాణం కాపాడుకోవడానికి బయటికి వెళ్ళిన మనిషి ఆరాధనలో ఏమీ తక్కువ కాదు. దావీదు సౌలు ఈటె నుంచి తప్పించుకుని పారిపోయాడు, కీర్తనలు ఆగలేదు.

బయటివాళ్ళ విషయంలో నాకు ఎక్కువ ఫలవంతంగా కనిపించేది ఒక చిన్న ప్రశ్న. ఎవరైనా తన బాధ చెప్పినప్పుడు, ‘మీకు అభ్యంతరం లేకపోతే దీని గురించి ప్రార్థన చెయ్యనా?’ అని అడగడం. అడగకుండా చెయ్యి నెత్తిన పెట్టకండి. వద్దంటే, సరే అని మాట మార్చండి. ఒప్పుకుంటే, అక్కడ రెండు మూడు వాక్యాలు చాలు, అందులో ప్రసంగం కలపకండి. తర్వాత ఆ సంగతి ఒక పుస్తకంలో రాసుకోండి. వారం తర్వాత ‘మీ అమ్మగారికి ఎలా ఉంది?’ అని అడగండి. మనిషిని తాకేది ఆ రెండో ప్రశ్న. ఎందుకంటే ‘ప్రార్థిస్తాం’ అనేవాళ్ళు చాలామంది, గుర్తుంచుకునేవాళ్ళు కొద్దిమంది. అతను చెప్పింది సంఘంలో ప్రార్థన విన్నపం పేరుతో పదిమందికి చేరవెయ్యకండి. ఒక్కసారి బయటికి పొక్కితే అతను మళ్ళీ నోరు విప్పడు.

సంఘంగా కూడినప్పుడు సంగతి కొంచెం వేరు. 1 కొరింథీయులు 14:24-25లో పౌలు ఒక దృశ్యం చూపిస్తాడు. అవిశ్వాసి ఒకడు కూడికలోకి వస్తాడు, తన హృదయ రహస్యాలు బయటపడి, సాగిలపడి, దేవుడు నిజంగా మీలో ఉన్నాడని ఒప్పుకుంటాడు. ఆ అధ్యాయం గట్టిగా పట్టుబట్టేవాటిలో ఒకటి ఇది: అక్కడ జరిగేది అతనికి అర్థం కావాలి. కొత్తగా వచ్చినవాడికి పాట ఎక్కడుందో తెలియదు, ఎప్పుడు లేవాలో తెలియదు, మన గ్రాంథిక మాటలు సగం తెలియవు. పాట సంఖ్య రెండుసార్లు చెప్పండి. ‘లేచి నిలబడదాం’ అని నోటితో అనండి. శ్రుతి పాట నడిపించేవాడి గొంతుకు కాదు, కూర్చున్నవాళ్ళ గొంతులకు కుదరాలి. చరణం మధ్యలో సంఘం గొంతు తగ్గిపోతే చాలాసార్లు కారణం భక్తి లేకపోవడం కాదు, ఆ స్వరం వాళ్ళకు అందకపోవడం. శ్రుతి కాస్త దించి చూడండి. ఒక చరణానికి వాయిద్యాలన్నీ ఆపెయ్యండి. అప్పుడు ముసలివాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు, శ్రుతి తప్పిన గొంతులు అన్నీ వినబడతాయి. వేదిక మీది నలుగురు కాదు, తన పక్కన నిలబడిన మనిషే నిజంగా పాడుతున్నాడని కొత్తవాడికి తెలిసేది అప్పుడే.

‘ఇంత చేసినా ఎవరూ మారలేదే’ అన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. పదిమంది కుష్ఠరోగులు బాగైతే, తిరిగొచ్చి ప్రభువు పాదాల దగ్గర సాగిలపడింది ఒక్కడు. ప్రభావం కోసమే ఆరాధిస్తే, ఫలితం కనబడని ఏడాది ఆరాధన ఎండిపోతుంది. దేవుడు యోగ్యుడు కాబట్టి ఆరాధిస్తే, ఆ ఏడాది కూడా కిటికీ తెరిచే ఉంటుంది. మోషే కొండ దిగి వచ్చినప్పుడు తన ముఖం ప్రకాశిస్తోందని ఆయనకు తెలియదని నిర్గమకాండం 34:29 చెబుతుంది. తెలిసి ఉంటే ఆయన చూపు ప్రజల కళ్ళలో తన ముఖం కోసం వెతికేది.

‘అయితే మంచి పనులు చేస్తే చాలు కదా, కీర్తనలెందుకు?’ అనేవాళ్ళకు నేను హెబ్రీ 13:15-16 చూపిస్తాను. జిహ్వాఫలం, అంటే నోటి స్తుతి, అర్పించమన్న వెంటనే, ఉపకారం చెయ్యడం, మీకున్నది ఇతరులతో పంచుకోవడం మరువకండి అని ఉంది, రెండింటినీ యాగం అనే అంటుంది. ఆ ఓడ మీది మనుషులు డబ్బు తీసుకోకుండా మురికి పని చెయ్యగలిగింది, తమ కోసం అంతకన్నా దిగివచ్చినవాడిని రోజూ పాడుకోవడం వల్ల. పాట ఆగితే కొన్నాళ్ళకు పనిలో ‘నేనింత చేశాను’ అన్న లెక్క మొదలవుతుంది.

ఎప్పుడో ఒకరోజు ఒక మనిషి అడుగుతాడు, ‘మీరెందుకిలా ఉంటారు?’ అని. 1 పేతురు 3:15 ఆ రోజు కోసమే రాసింది, సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమంటుంది. రెండు నిమిషాలకు మించి చెప్పకండి. యేసు ఎవరో, మీకు ఏం చేశాడో, మీ మాటల్లో చెప్పండి. అతను ఇంకా అడిగితే, ఫిలిప్పు నతనయేలుతో అన్నట్టు ‘వచ్చి చూడు’ అని ఇంటికి పిలవండి, భోజనానికి. పళ్ళేలు తియ్యకముందు ఎప్పటిలాగే పదిహేను వచనాలు చదవండి. అతను ఉన్నాడని ఒక వచనం కూడా ఎక్కువ చదవకండి.